కొట్టేసిన పుస్తకం

పాఠ్యపుస్తకాలు ఎంచే గదిలో పని పొద్దున్నే మొదలై, ఎవరో ఒకరు నోరంతా తెరిచి ఆవలించేదాకా సాగుతుంది. పొడుగు బల్ల మీద కొత్త పుస్తకాల దొంతరలు, చుట్టూ అయిదారుగురు టీచర్లు. ముందు పుస్తకాన్ని రెండట్టలూ పట్టుకుని దులుపుతారు. కాగితం ఊడిపడిందంటే దాని చదువు అక్కడితో సరి. తర్వాత అక్షరాలు కంటికి ఆనుతున్నాయా, బొమ్మకీ పాఠానికీ పొత్తు కుదిరిందా, లెక్కలు తేలికవాటి నుంచి కష్టమైనవాటికి వెళ్తున్నాయా, లేక మొదటి లెక్కకే పిల్లాడి గుండె జారిపోతుందా అన్నది చూస్తారు. నచ్చినదాన్ని పక్కన పెడతారు. నచ్చనిదాని అట్ట మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత కొడతారు.

గీత కొట్టగానే ఆ పుస్తకంలో ఉన్నదంతా కొట్టినవాళ్ళ తలలోంచి పోతుంది. ఎంచుకున్న పుస్తకంలో కూడా ఉన్నదైతే మిగులుతుంది, లేకపోతే లేదు. ఆ ఆఫీసులో ఇదేం వింత కాదు, ఎండలో తిరిగితే చెమట పట్టినట్టే. వంట పుస్తకం కొట్టేసిన సైన్సు మేడం ఇంట్లో అప్పట్నుంచి వాళ్ళాయనే వండుతున్నాడు. "బట్టలుతకడం మీద కూడా పుస్తకమేదైనా వస్తే నాకే ఇవ్వండర్రా" అని ఆవిడ అందరికీ చెప్పి ఉంచింది. వీళ్ళందరికీ పెద్ద అయిన ముసలి హెడ్మాస్టరు ఒకసారి తన ఊరి ఏటి మీద పాఠం ఉన్న పుస్తకం కొట్టేశాడు. ఆ సెలవులకి ఊరెళ్ళి, గట్టు మీద నిలబడి, "ఇక్కడికి ఇన్ని నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయిరా?" అని తమ్ముణ్ణి అడిగాడు.

రెండో తరగతి లెక్కల పుస్తకం ఎంచడం లెక్కల టీచరు ఒక్కదాని పని. అన్నీ పోగా ఆమె ముందు రెండు మిగిలాయి. ఒకటి లావుపాటి అక్షరాలతో, వెనకాల జవాబులతో, మధ్యలో ప్రాణమంటూ లేని పుస్తకం. రెండోది తెరిచేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. మొదటి పేజీలోనే పిట్ట ఉంది.

పిట్ట ఆమె కూతురు. రెండేళ్ళ కిందట, రెండో తరగతి సగంలో ఉండగా జ్వరం వచ్చి చచ్చిపోయింది. అప్పుడు ఆ పిల్లకి చదువు చెప్పిన పంతులమ్మే ఇప్పుడీ పుస్తకం రాసింది. పిల్ల ముఖం, ఒక మేజోడు ఎప్పుడూ కిందికి జారి ఉండటం, పుట్టినప్పటి బరువు, ఊడిన పళ్ళు, అడిగిన ప్రశ్నలు ఒక్కటీ వదల్లేదు. "సగం సగం కోశాక కత్తికి అంటుకున్నది ఎవరి వాటా?" అంటుంది పిట్ట ఒక పాఠంలో. ఇంకో పాఠంలో, "నా జవాబు తప్పు సరే, మరిది ఏ లెక్కకి ఒప్పు?" అని పేచీ పెడుతుంది. దాని కిందే, తప్పు జవాబులిచ్చి వాటికి సరిపోయే లెక్కలు వెతకమని పిల్లలకి పని పెట్టింది పంతులమ్మ. అంత మంచి అభ్యాసం లెక్కల టీచరు ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ చూడలేదు. పిల్ల మొత్తం అందులో ఉంది. జ్వరం ఒక్కటే లేదు.

ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది. ఆయన లారీ డ్రైవరు. పిట్ట పుట్టినప్పట్నుంచీ దూరపు దారుల్లోనే తిరిగాడు. నెలకోసారి ఇంటికొస్తే పిల్ల నిద్రలో ఉండేది. పిల్ల పోయాక దగ్గర రూట్లకి మారి, రోజూ ఇంటికొస్తున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆయనకి తెలిసిన పిట్ట అంతా పెళ్ళాం చెప్పగా తెలిసిందే. రోజూ కాళ్ళు కడుక్కుని కూర్చుని, ఒక్క మాట చెప్పమని అడుగుతాడు. ఆమె గోడకేసి చూస్తూ చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ ఆమె కడుపు తరుక్కుపోతుంది, ఆయన కడుపు నిండుతుంది. పిల్ల ఫొటో, గౌన్లు ఆమె కంటపడితే తట్టుకోలేకపోతోందని ఆయనే తీసుకెళ్ళి లారీ క్యాబిన్‌లో దాచుకున్నాడు.

"అయితే ఇంక ఊరూరా మన పిట్టే!" అన్నాడు ఆయన, కంచం ముందు నుంచి సగం లేచి. "ఎక్కడ లారీ ఆపినా ఏదో బడిలోంచి దాని మాటలు వినపడతాయి. ఎంచేశావా?"

"ఇంకా లేదండీ. రేపు క్లాసులో చెప్పి చూడాలి."

"చూసేదేముందే? అంత మంచి పుస్తకమని నువ్వే అంటివి."

ఎంచేముందు ఏదో ఒక బడికి వెళ్ళి రెండు పుస్తకాల్లోంచీ చెరో పాఠం చెప్పి చూడటం పద్ధతి. మర్నాడు మొదటి పుస్తకం చెబుతుంటే పిల్లలు బుద్ధిగా నిద్రపోయారు. రెండోది తెరిచేసరికి గది లేచి కూర్చుంది. కత్తికి అంటుకున్న వాటా గురించి రెండు బెంచీలు కొట్టుకున్నంత పని చేశాయి. గంట కొట్టాక కూడా ఎవరూ కదల్లేదు. ముందు బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, మూడో తరగతి పుస్తకంలో కూడా పిట్ట ఉంటుందా?"

"ఉండదమ్మా."

"ఎందుకుండదు? ఫెయిలయిందా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. లెక్కల టీచరు పుస్తకం మూసి, నల్లబల్ల వైపు తిరిగి, ఏమీ రాయని బల్లని చాలాసేపు తుడిచింది. ఈ ఏడు ఈ పిల్ల అడిగింది, పై ఏడు ఇంకో పిల్ల అడుగుతుంది. తన బడిలో తన క్లాసులో, తనే మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా పిట్టని చెప్పుకుంటూ పోయి, ఏడాది చివర మళ్ళీ పోగొట్టుకోవాలి. రిటైరయ్యేదాకా ఏటా ఇదే. అంత బలం తనలో లేదని ఆమెకి తెలిసిపోయింది.

ఆఫీసుకి తిరిగొచ్చి హెడ్మాస్టరు ఎదురుగా కూర్చుంది.

"సార్, కొట్టేస్తే నొప్పి ఉంటుందా?"

"ఏం పోయిందో తెలిస్తే కదమ్మా నొప్పి?" అన్నాడు ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "నాకు పోయినదాని కోసం మా తమ్ముడు ఇప్పటికీ ఏడుస్తాడు. నాకైతే హాయిగానే ఉంది. ఒక్కోసారి మాత్రం కాళ్ళు తడిసినట్టుంటుంది. ఎందుకో అంతుపట్టదు."

ఆఖరి మాట ఆమె చెవిన పడలేదు. దొంతర పక్కనున్న ఎర్ర పెన్సిలు తీసుకుంది. మొగుడు గుర్తొచ్చాడు. బడి కిటికీల కింద లారీ ఆపుకుని నిలబడ్డట్టే కనిపించాడు. 'నన్ను క్షమించండి' అనుకుంది. చూపుడువేలితో బొమ్మలోని మేజోడుని పైకి లాగబోయి, అది బొమ్మని గుర్తొచ్చి, అట్ట మూసి గీత కొట్టేసింది.

ప్రాణం లేని పుస్తకాన్ని ఎంపికైన వరసలో పెట్టి, సైన్సు మేడంతో కబుర్లు చెప్పుకుంటూ బస్సెక్కింది. దారిలోనే అరచెయ్యి మండటం మొదలైంది. పుస్తకంలో లేనిది తలలోంచి పోదు. ఏనాడూ లెక్క తప్పని మనిషికి గీత కొట్టేముందు ఆ ఒక్కటీ తట్టలేదు.

ఆయన వచ్చేసరికి వంటింట్లో స్టవ్ వెలగలేదు. ఆమె మంచం పక్కన కింద కూర్చుని, గిన్నెలో గుడ్డ తడిపి పిండుతోంది. మంచం మీద ఎవరూ లేరు. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఏమోయ్, ఆ లారీ మాట చెప్పు ఇవాళ."

"ఏ లారీ మాటండీ?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "అదే. 'నాన్న లారీ దూరం వెళ్ళేకొద్దీ చిన్నదైపోతోంది కదమ్మా, లోపల నాన్నకి ఇరుగ్గా ఉండదూ' అందే ఒక పిల్ల."

ఆమె ఫక్కున నవ్వింది. పిట్ట పోయాక ఆమె నవ్వు ఆ ఇంట్లో వినపడటం అదే మొదటిసారి. "భలే పిల్లండీ! ఎవరి పిల్ల?"

ఆయనకి అర్థమైపోయింది. ఎంపికల సంగతి తెలిసినవాడే, విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో తన కూతుర్ని ఎరిగిన ఒక్క మనిషీ తన ఎదురుగానే కూర్చుని ఉంది, ఇక అడగడానికి ఎవరూ లేరు. అరవాలనిపించింది. గిన్నె విసిరికొట్టాలనిపించింది.

"ఎవరి పిల్లో," అన్నాడు. "టీ కొట్టు దగ్గర చెప్పుకుంటుంటే విన్నా."

ఆమె నవ్వు ఆగిపోయింది. మళ్ళీ గుడ్డ పిండసాగింది. "ఇది చూడండి. ఎవరికో ఒళ్ళు కాలిపోతోంది. చెయ్యి పెట్టి చూశాను, నా అరచేతికి ఇంకా తెలుస్తోంది. తెల్లారేలోపు తగ్గకపోతే కష్టమట. ఎవరికో గుర్తు రావట్లేదండీ. ఇల్లంతా వెతికాను. పక్కవాళ్ళింట్లో కూడా అడిగాను. ఎవరికండీ?"

ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎవరి కోసమో ఆమెకి తెలియదు.

ఆయన లేచి చొక్కా విప్పి, ఖాళీ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నాకేనే," అన్నాడు. "జ్వరం నాకే. పొద్దుట్నుంచీ."

"అయ్యో, ముందే చెప్పొద్దూ!" అని ఆమె గబగబా మంచం దగ్గరికి జరిగి, చల్లగా ఉన్న ఆయన నుదుటి మీద తడిగుడ్డ వేసింది.