ముక్కుకు సెలవు

"ఇది రేపటికి నడుస్తదా, జర సూడు" అంటూ మా ఆయన నతానియేలు విప్పిన చొక్కా నా ముక్కు దగ్గర పెట్టాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఈ ఇంటికి ముక్కు నేనే. పెరుగు పులిసిందా, పప్పు పాచిపోయిందా, బాత్రూం కడగాలా వద్దా, అన్నీ నేనే వాసన చూసి చెప్పాలి. చెప్పాక ఆ పని కూడా నేనే చెయ్యాలి. కంపు పసిగట్టినవాళ్ళే కడగాలన్నది మా ఇంటి రూలు.

ఆ మధ్య జలుబు చేసి తగ్గాక నాకు ఒకటే మాడు వాసన. పొయ్యి మీద ఏమీ ఉండదు, నేను మాత్రం వంటింట్లోకి పరుగు. ఒక ఆదివారం రామంతాపూర్ చర్చిలో ప్రసంగం మధ్యలో, స్టవ్ ఆపలేదేమోనని ఆయన్ని నాచారంలో మా ఇంటికి తరిమాను. తిరిగొచ్చి, "పొయ్యి కాదు, నీ తలకాయ మాడుతున్నది" అన్నాడు, పక్క బెంచీకి వినబడేట్టు. మా అత్తమ్మ పాపమ్మ, "ఏదో గాలి సోకింది, పాస్టరయ్యతోటి ప్రార్థన జేయిద్దాం" అంది. నవ్వేశాను గానీ లోపల ఒకటే భయం. తలలో ఏదైనా ఉంటే?

ఉప్పల్‌లో ముక్కు డాక్టరమ్మకు చూపించుకున్నాను. "లేని వాసన రావడానికి చాలా కారణాలుంటాయమ్మా. జలుబు, సైనస్, పార్శ్వపు నొప్పి, పుచ్చిన పన్ను, కొన్ని మందులు. మూర్ఛ వల్లో మెదడులో గడ్డ వల్లో రావడం చాలా అరుదు" అన్నారు. స్కాన్‌లో తల శుభ్రంగా ఉంది. సైనస్ అట. ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోమని చెప్పి, "తగ్గేదాకా మీ ముక్కును మాత్రం నమ్మకండి" అన్నారు.

ఆ మాటకు షేర్ ఆటోలో ఇల్లు చేరేదాకా నవ్వు ఆగలేదు. ఇంట్లో అందరికీ చెప్పాను.

ఇక చూడాలి తమాషా. పెరుగు గిన్నె ముందు తండ్రీకూతుళ్ళు "డాడీ, నువ్వు సూడు", "నువ్వే సూడు జెన్నిఫర్" అని వంతులు. పులిసిందని తేల్చినవాడు గనక ఆయనే మజ్జిగ చిలికాడు. ఇంకోరోజు బ్రష్ పట్టుకుని బాత్రూంలోంచి, "గింత కంపు కొడుతదా ఇది!" అని కేక. నేను టీ తాగుతూ, "అవునా?" అన్నాను. ఇన్నేళ్ళూ ఆయనకు కొట్టలేదు, పాపం.

ఒక ఉదయం బాల్కనీలో కొత్తిమీర తుంచుతుంటే కొత్తిమీర వాసనే వచ్చింది. కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చాను. మళ్ళీ పీల్చాను. ఏడుపొచ్చేంత సంతోషం. వెంటనే గుబులు, మళ్ళీ డ్యూటీ ఎక్కాలి కదా అని.

కళ్ళు తెరిస్తే ఎదురుగా అత్తమ్మ. "తగ్గిందా?" అంది. దొరికిపోయినట్టు తల ఊపాను.

వంటింట్లోంచి ఆయన గొంతు. "మరియా! నీ ముక్కు మంచిగైందా? ఈ పప్పు జర సూస్తవా?"

అత్తమ్మ నా ముఖంలోకే చూస్తోంది.

"ఇంకా లేదు, మీరే సూడున్రి!" అని గట్టిగా అరిచాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగి ఊగి నవ్వింది.

"మంచిగ జెప్పినవ్ బిడ్డా. వీళ్ళయ్య సచ్చేదాక నేర్వలేదు. వీనికి ఇప్పుడిప్పుడే ముక్కు మొలుస్తున్నది."