పచ్చకారు గీత దాటిన రోజు

మడతమ్మ అత్తను ఎడమవైపుకు ఒత్తిగిలించింది. పాత దుప్పటిని చుట్టచుట్టి ఆమె వీపు కిందికి నెట్టింది. ఖాళీ అయిన సగం పరుపు మీద కొత్త దుప్పటి పరిచి, మిగతా సగాన్ని ఆ చుట్ట పక్కనే చుట్టిపెట్టింది. ఇక అత్త ఇటు దొర్లితే చాలు. పాతదాన్ని అటునుంచి లాగేయవచ్చు, కొత్తది పరుచుకుంటుంది. మనిషిని లేపకుండానే పక్క మారిపోతుంది.

"ఇటు తిరగండి," అంది.

"ఉండు. వాడు మలుపులో ఉన్నాడు."

"నాకు డ్యూటీకి టైమవుతోంది అత్తయ్యా."

"ఒక్క మలుపు తల్లీ."

మడతమ్మ కూడా తల తిప్పి చూసింది. ఎడమ గోడకున్న టీవీలో ఎర్రకారు మలుపులోకి వచ్చింది గానీ తిరగలేదు. రోడ్డు దాటి, ఇసుక దాటి, పేర్చిన టైర్లకు ముక్కు గుద్దుకుని ఆగింది. డ్రైవరు దిగాడు. కారు వంక చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అత్త టీవీ మీంచి చూపు తిప్పుకుంది.

"ఇక తిప్పు నన్ను," అంది. "వాడెలాగూ తిరగలేదు."

అది ఇరవై నాలుగు గంటల కార్ల పందెం. నిన్న సాయంత్రం నాలుగింటికి మొదలైంది, ఇవాళ నాలుగింటికి ముగుస్తుంది. కారుకు ముగ్గురు డ్రైవర్లు. ఒకరు దిగితే ఒకరు ఎక్కుతారు, కారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఏడాదికోసారి జరిగే ఈ పందేన్ని అత్తాకోడళ్ళు మొదటిసారి చూసింది మడతమ్మ కాపురానికొచ్చిన ఏడాది. అప్పట్లో అత్త పెట్రోలు బంకులో పనిచేసేది. కాలు విరిగి ఇంట్లో కూర్చున్నప్పుడు టీవీలో ఇది తగిలింది. కొత్త కోడలితో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదు. కోడలికీ తెలియదు. "ఏదో ఒక కారు ఎంచుకో, ఊరికే చూస్తే నిద్రొస్తుంది," అంది అత్త. తాను అన్నిటికంటే ముందున్న ఎర్రకారును తీసుకుంది. మడతమ్మ అన్నిటికంటే వెనకున్న పచ్చకారును చూపించింది. ఎందుకని అడిగితే, పక్కకు తప్పుకుని అందరికీ దారిస్తోంది పాపం అంది. కాలి కట్టు అదిరేలా నవ్వింది అత్త.

షరతు కూడా అత్తే పెట్టింది. ఎవరి కారు ముగింపు గీత దగ్గర ఊపే గళ్ళజెండా దాకా వస్తే వాళ్ళ మాట ప్రకారమే ఏడాది పొడుగునా కూరలో ఉప్పు పడుతుంది. రెండోవాళ్ళు నోరెత్తకూడదు. రెండు కార్లూ ఆగిపోతే పోయిన ఏడాది తీర్పే ఈ ఏడాదికీ.

ఆ తర్వాత పచ్చకారు ఒక్కసారీ జెండా చూడలేదు. ఒక ఏడాది ఇంజను పోయింది, ఒక ఏడాది మంటలంటుకున్నాయి, ఒక ఏడాది వానలో జారి గోడెక్కింది. ఆ జట్టువాళ్ళు మాత్రం ఏటా వచ్చారు. మడతమ్మ ఏటా వాళ్ళ పక్షానే కూర్చుంది, ఏటా అత్త చెప్పిన ఉప్పే తింది. ఇప్పుడు వంటంతా తానే చేస్తున్నా ఉప్పు మాత్రం అత్త లెక్కే.

గుండె నీరసించి అత్త మంచాన పడింది. డాక్టరు వారాలన్నాడు, నెలలనలేదు. వచ్చే పందేనికి ఏడాదుంది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అత్త ఉండగా ఒక్కసారి పచ్చకారు గీత దాటాలని మడతమ్మ కోరిక. అదీ ఎవరితో అనలేదు.

ఆ రోజు సెలవు కాబట్టి భర్త ఇంట్లోనే ఉన్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి టీవీ వంక చూశాడు.

"రోజంతా తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే కదా వచ్చేది. దీనికింత హడావుడా?"

"నువ్వు చేసేదీ అదే కదరా," అంది అత్త. "మధ్యలో జనాన్ని ఎక్కించుకుంటావు, అంతే తేడా."

మడతమ్మ మాసిన దుప్పటి బకెట్లో పడేసి పనికి బయల్దేరింది.

ఆమె పనిచేసే లాండ్రీ ఆస్పత్రి వెనక, మెట్లు దిగితే వస్తుంది. ఉతికి పిండిన దుప్పట్లు తడితడిగానే ట్రాలీల్లో వస్తాయి. వేడి రోలరుకు ఇటువైపు తోడుగా పనిచేసే పొడుగావిడ నిలబడి అంచు తిన్నగా అందిస్తుంది. ఆరి, ఇస్త్రీ అయి అటువైపు బయటికొచ్చినదాన్ని మడతమ్మ పట్టుకుంటుంది. మూలా మూలా కలపాలి, చెయ్యి కిందికి జార్చాలి, మళ్ళీ కలపాలి. నేలకు తగిలిన దుప్పటి మళ్ళీ ఉతుక్కు పోవాలి. మడతమ్మ చేతిలోంచి జారి నేలకు తగిలిన దుప్పటిని అక్కడ ఎవరూ చూడలేదు. అసలు పేరు ఎప్పుడో పోయింది. జీతాలిచ్చే కిటికీలో కూడా మడతమ్మ అనే పిలుస్తారు.

ఫోను ఏప్రాన్ జేబులో ఉంది. ఒక చెవిలో పందెం వ్యాఖ్యానం, రెండో చెవిలో రోలరు రొద.

"ఏంటట?" అంది పొడుగావిడ.

"చాలా కార్లు ఆగిపోయాయట. నాది తిరుగుతోంది."

"ఎన్నోది?"

"చివరిది."

"అయితే వెనకనుంచి భయం లేదులే."

మధ్యాహ్నం తిండి తిని మళ్ళీ రోలరు దగ్గర నిలబడ్డ కాసేపటికి వ్యాఖ్యాత గొంతు మారింది. పచ్చకారు గేరుబాక్సు పోయింది. కారును షెడ్డులోకి తోశారు. షట్టరు దించేశారు.

దుప్పటి మూల నేలకు తగిలింది.

పొడుగావిడ రోలరు ఆపేసింది. మడతమ్మ ఆ దుప్పటిని తనే తీసుకెళ్ళి మాసిన బట్టల ట్రాలీలో వేసింది. ఫోన్ తీసింది.

"అత్తయ్యా, విన్నారా?"

"చూశాను."

"అయిపోయింది. ఈ ఏడాదీ ఇంతే. ఉప్పు మీదే."

"ఎవరడిగారే నీ ఉప్పు? షట్టరు దించేముందు లోపలికేం దొర్లించారో చూశావా?"

"లాండ్రీలో ఉండి నేనేం చూస్తాను?"

"కొత్త టైర్లు. నాలుగూ. చచ్చిన బండికి కొత్త టైర్లు ఎవడేస్తాడు?" అత్త ఊపిరి కోసం ఆగింది. ఆ ఆగడం ఫోన్లో వినిపించింది. "బంకులో అన్నేళ్ళు పైపు పట్టుకున్నాను. ఇంకా పోవాల్సిన దూరం ఉన్నవాడే టైర్ల వంక చూస్తాడు. ఏదో ఒక గేరు మిగిలుంటుంది. దాన్ని దాచుకుంటున్నారు. చివరి చుట్టుకు తీస్తారు."

"ఒక్క చుట్టు తిరిగి ఏం లాభం?"

"ఇన్నేళ్ళు చూసి నేర్చుకుందిదా? తిరగాల్సినంత అది ఎప్పుడో తిరిగేసింది. గడువు ముగిసే టైముకు రోడ్డు మీద ఉండి, ఆ తర్వాత గీత దాటితే చాలు. పాకినా సరే."

"మీ కారు పొద్దున్నే పోయిందిగా. మీకెందుకింత?"

"నాది పోయాక చూసేందుకు ఇంకేం మిగిలింది, నీదే."

"ఎక్కువ మాట్లాడకండి, ఆయాసమొస్తుంది."

"నేనూ దాచుకుంటున్నాలే. నాలుగింటికల్లా ఇంట్లో ఉండు."

డ్యూటీ నాలుగింటికి అయిపోతుంది. ఇల్లు అరగంట నడక. మడతమ్మ ఇన్నేళ్ళలో ముందుగా వెళ్తానని అడిగింది లేదు. పని చేయించే మేస్త్రీ దగ్గరికెళ్ళి నిలబడింది గానీ, ఏం చెప్పి అడగాలో తోచలేదు. వెనకనుంచి పొడుగావిడే కేకేసింది.

"ఆవిడ కారు గీత దాటబోతోందండీ! మీరొచ్చి ఆ చివర నిలబడండి."

"ఆవిడకు కారెక్కడిది?"

"అది తర్వాత చెప్తా. ముందు చేతులు కడుక్కోండి."

మేస్త్రీ మడతమ్మ మొహం చూశాడు. ఇంకేమీ అడగకుండా చొక్కా చేతులు మడిచాడు. తలుపు దగ్గర ఆమె ఒక్కసారి వెనక్కి చూసేసరికి, మొదటి దుప్పటిని ఆయన చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెలకు హత్తుకుని ఉన్నాడు.

ఇల్లు చేరేసరికి భర్త మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"రా, రా, బండి ఇంకా బయటికి తియ్యలేదు," అన్నాడు. పొద్దున్న గుమ్మంలో మాట్లాడిన మనిషి కాడు.

అత్త దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో చేతికర్ర. దాని కొసకు వంటింటి గళ్ళ తువ్వాలు కట్టి ఉంది.

"ఇదేంటి?"

"జెండా. అక్కడివాడు సరిగా ఊపుతాడో లేదో."

"తనే కట్టింది," అన్నాడు భర్త. "నన్ను ముట్టుకోనిస్తే కదా."

షట్టరు లేచింది. పచ్చకారు బయటికొచ్చింది. ఒక పక్క తలుపు తెల్ల టేపుతో అతికించి ఉంది. జట్టువాళ్ళు రెండు వరసల్లో నిలబడ్డారు గానీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కారు ఒక కుదుపుతో కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. మనిషి పరిగెత్తే వేగం కూడా లేదు. మిగతా కార్లు పక్కనుంచి దూసుకుపోయాయి. అది ఎప్పటిలాగే అంచుకు తప్పుకుని అన్నిటికీ దారిచ్చింది.

ఎత్తు దగ్గర నెమ్మదించింది. బానెట్టు కిందనుంచి పొగ వచ్చింది.

"వదలకురా," అన్నాడు భర్త లేచి నిలబడి. "యాక్సిలేటరు వదలకు. అలాగే పట్టు. అలాగే." ఆయన కుడికాలు నేలను నొక్కుతోంది.

మడతమ్మ మంచం కోడు పట్టుకుంది. గడువు దాటిందని తెర మీద చూపించారు. కారు ఇంకా ఎత్తు మీదే ఉంది. తర్వాత దాని ముక్కు కిందికి వంగింది. ఇక అంతా పల్లమే. జట్టువాళ్ళు చూడ్డానికి రోడ్డు పక్క గోడెక్కారు. పచ్చకారు నడిచినట్టుగా వచ్చి గీత దాటింది.

అత్త రెండు చేతులతో కర్ర ఎత్తి ఊపింది.

మడతమ్మ అంత గట్టిగా అరవడం భర్త ఎన్నడూ వినలేదు. పక్కింటివాళ్ళు గోడ మీద తట్టారు. ఆయన తిరిగి ఇటునుంచి రెండు చేతులా బాదాడు.

"చేరింది," అంది అత్త, ఊపిరి అందాక. "నీ బండి ఊరు చేరింది."

"మన బండి అత్తయ్యా."

"అదేం కుదరదు. నాది ఎర్రది."

ఆ సాయంత్రం మడతమ్మ తన రుచికి జావ కాచింది. అత్త సగం గిన్నె తాగింది, ఏమీ అనలేదు. పచ్చకారు గీత దాటడం టీవీలో మళ్ళీ మళ్ళీ చూపించారు. చూపించినప్పుడల్లా చూసింది. వీధి దీపాలు వెలిగే వేళకు కళ్ళు మూసుకుంది. గిన్నె తీయడానికొచ్చిన మడతమ్మ వంగి చూసింది, చెయ్యి పట్టుకుని చూసింది. నాడి అందలేదు. తర్వాత టీవీ కట్టేసి భర్తను పిలిచింది.

వచ్చినవాళ్ళు వచ్చి వెళ్ళారు. కొన్నాళ్ళకు మంచం తీసేశారు. గది కడిగిన రోజు, ఉతుకుదామని మడతమ్మ ఆ తువ్వాలు విప్పబోయింది. అత్త ముడి గట్టిది, గోరు దూరలేదు. పళ్ళతో లాగబోయి మానుకుంది. చేతికర్ర కిటికీ పక్కన నిలబడి ఉంది, దాని కొసన గళ్ళ తువ్వాలు, గాలి వచ్చినప్పుడు ఒక అంచు లేచి పడుతోంది.