తాళం పైన వేలిముద్ర

మా ఆయన్ని దొంగ అన్నారు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఆంజనేయులు నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాణ్ని స్టేషన్‌లో బెంచీ మీద కూడా కాదు, నేల మీద కూర్చోబెట్టారు. చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

షావుకారు గిరిధర్ బీరువాలో జరీ పోయింది. ఆయన మగ్గాల మీదే మేం నేస్తాం. పోలీసులు నేతగాళ్లందరి వేలిముద్రలూ తీసుకున్నారు. బీరువా మీద దొరికిన ముద్ర మా ఆయనదేనని తేలిందట.

“వేలిముద్ర అబద్ధం చెప్పదమ్మా,” అన్నాడు ఎస్సై.

“చెప్పదులే సార్. యాడ దొరికింది? ఏ వేలిది?”

విసుక్కుంటూనే కాగితం చూశాడు. “తాళం కన్నానికి పైన. కుడిచేతి ఉంగరపు వేలు.”

“ఉంగరపు వేలొక్కటే పెట్టి ఎవుడన్నా బీరువా తీస్తాడా సార్? పొద్దున మీరు బొట్టు ఏ వేలితో పెట్టుకుంటిరి?”

ఎస్సై చెయ్యి నుదుటి దాకా పోయి ఆగింది.

ఏటా ఆయుధపూజకు మగ్గాలకూ ఆ బీరువాకూ గంధం బొట్లు పెట్టేది మా ఆయనే. పెద్ద నేతగాడు పెడితే కలిసొస్తుందని షావుకారే పిలిపిస్తాడు. మొన్న పండగకూ పక్కన నిలబడి పెట్టించుకున్నాడు. ఎండిన గంధంలో వేలి గీతలు అలాగే ఉండిపోయాయి.

గిరిధర్ అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. “ఏమప్పా, నీ ముందరే కదా పెట్టింది? నీకు తెలీదా?” అన్నాను.

తల వంచుకున్నాడు. “తెలుసు. బీరువా పగలగొట్టలేదు, తాళంచెవితోనే తీసినారు. రెండో చెవి మా తమ్ముడి దగ్గర ఉండాది. జరీ పోయినాక వాడు చెప్పకుండా హిందూపురం పోయినప్పుడే నాకు అనుమానం వచ్చె. బొట్టు సంగతి చెప్తే వాణ్ని పట్టుకుంటారని…”

తమ్ముణ్ని కాచుకోవడానికి నా మొగుణ్ని దొంగను చేశాడు! చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. ఎస్సై ఉన్నాడని చెయ్యి ఆపుకున్నాను గానీ, నోరు ఆపుకోలేదు.

సాయంత్రానికి వదిలిపెట్టారు. గేటు దగ్గర గిరిధర్ మాకోసమే నిలబడి ఉన్నాడు.

“అయ్యిందేదో అయిపాయ ఆంజనేయులూ. రేప్పొద్దున మగ్గానికి రాప్పా.”

“అట్లేలేన్నా,” అంటూ మా ఆయన రెండు చేతులూ జోడించబోయాడు. అంత జరిగాక కూడా! ఆ రోజు నాకు అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది ఆయన మీదే. ఆ చేతులు పట్టుకుని విడదీశాను.

“దండం ఆయప్ప పెట్టాల నీకు. పెట్టినాకే మనం ఇంటికి పోయేది,” అని గిరిధర్ దారికి అడ్డంగా నిలబడ్డాను.