వస్తానక్కా

బందరు కోనేరు సెంటర్లో, ఒక బట్టలకొట్టు మేడమీద కేబుల్ ఆఫీసు ఉండేది. గోడకి నీలం గుడ్డ కట్టి, దాని ముందు ఒక కుర్చీ, ఒక బల్ల, బల్లమీద ఒక ఫోను పెడితే అదే స్టూడియో. సాయంత్రం ఆరయ్యేసరికి పిచ్చేశ్వరరావు తల దువ్వుకుని ఆ కుర్చీలో కూర్చునేవాడు. ఆ పేరు తెరమీద బాగుండదని కేబుల్ యజమాని దైవాధీనం ముందూ వెనకా కత్తిరించేసి "ఈశ్వర్" అని పెట్టాడు. బందరు నుంచి గుడివాడదాకా తీగ వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అతను ఈశ్వరే.

జనం ఫోన్ చేస్తారు. నాలుగు కబుర్లు చెప్పి పాట అడుగుతారు. ఇతను వేస్తాడు. ఇలాంటి ప్రోగ్రాములు ఆ రోజుల్లో ఊరూరా ఉండేవి, గుడివాడలోనూ ఉండేది. కానీ ఈశ్వర్ ప్రోగ్రాం అంటే బందరు జనానికి వేరే పిచ్చి. ఆరింటికి కరెంటు పోతే సబ్‌స్టేషనుకి ఫోన్ చేసి తిట్టేవాళ్ళు.

అంత పిచ్చి ఊరికే పుట్టలేదు. ఈశ్వర్ విన్నది మరిచిపోడు. పెడన నుంచి సుగుణమ్మగారు ఎప్పుడో మాటవరసకి గేదె ఈనిందని చెబితే, మళ్ళీ ఆవిడ ఫోన్ చేసిన రోజున "పిన్నీ, దూడ గడ్డి మేస్తోందా?" అని అడుగుతాడు. ఆవిడ ఇక వీధంతా తిరిగి చెప్పుకుంటుంది. ఎవరినీ అండీ గిండీ అనడు. అక్కా, బావా, మావయ్యా, పిన్నీ, అన్నీ వరసలే.

ఇంకొకటి, ఫోను పెట్టేటప్పుడు అతననే మాట.

"లోకమంతా ఫోను పెట్టేటప్పుడు ఉంటాను అంటుంది కదరా. నువ్వేంట్రా వస్తాను అంటావు?" అని దైవాధీనం మొదట్లో అడిగాడు.

"ఉంటాను అంటే ఎక్కడో దూరాన ఉండిపోయేవాడి మాటండీ. వస్తాను అంటే వాళ్ళ అరుగు మీంచి లేచి చెప్పులేసుకునేవాడి మాట. ఇంతసేపూ వాళ్ళింట్లోనే కూర్చున్నట్టు ఉంటుంది."

"ఓరి నీ తెలివి తగలెయ్యా!" అని దైవాధీనం వీపు చరిచాడు.

అప్పట్నుంచీ "వస్తానక్కా", "వస్తాను మావయ్యా" అన్నవి బందరులో పిల్లలు కూడా అనుకరించే మాటలైపోయాయి.

రోజూ మొదటి ఫోను సముద్రపొడ్డున గిలకలదిండి నుంచి వచ్చేది. ఆవిడ పేరు వీరలక్ష్మి. మొగుడు గంగాధరరావు సముద్రంమీద వేటకి వెళ్తాడు, ఆవిడ పొద్దున్నే బందరులో వీధివీధీ తిరిగి చేపలమ్ముతుంది. ఇంటి పక్కన సామ్యేలు కొట్లో రూపాయి ఫోను ఉంది. ఆరు కాకముందే బిళ్ళ చేత్తో పట్టుకుని అక్కడ నిలబడేది.

ఒకరోజు ఈశ్వర్ యథాలాపంగా, "నీ పుట్టిల్లెక్కడక్కా?" అని అడిగాడు.



"దివిసీమలో ఉండేదయ్యా. ఉప్పెనలో పోయింది. అమ్మా, నాన్నా, తమ్ముడూ. పెళ్ళై ఇటొచ్చాను గనక నేను మిగిలాను."

ఈశ్వర్ కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "నేనున్నానుగా అక్కా. ఇవాళ్టినుంచి నీ పుట్టింటివాణ్ణి నేనే" అన్నాడు.

ఆ వారమంతా ఫోను మోగుతూనే ఉంది. ఆడవాళ్ళు ఏడుస్తూ మాట్లాడారు. కళ్ళు తుడుచుకుంటూనే ఈశ్వర్ అది కూడా గమనించాడు. ఆ తర్వాత వీరలక్ష్మి ఫోను ఎత్తినప్పుడల్లా "నీ పుట్టింటివాణ్ణి మాట్లాడుతున్నానక్కా" అనడం అలవాటు చేసుకున్నాడు. ఆవిడ అతన్ని బాబూ అనడం మానేసి తమ్ముడూ అనడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం ఆవిడ గొంతులో సంతోషం పట్టడం లేదు.

"తమ్ముడూ, మీ బావ కొత్త బోటు చేయించాడు. శుక్రవారం పొద్దున పోటుమీద, సముద్రం ఎక్కినప్పుడు, నీళ్ళలోకి దించుతున్నాం. మా ఇళ్ళల్లో ఇల్లాలి పుట్టింటివాళ్ళు కొబ్బరికాయ కొట్టి ముందు చెయ్యేస్తేగాని బోటు కదపరు. ఇన్నేళ్ళూ నా తరఫున ఎవరూ లేక వేరేవాళ్ళ చేత వేయించాం. ఇప్పుడు నువ్వున్నావు. వస్తావు కదూ?"

శుక్రవారం గుడివాడలో ఒక ఫ్యాన్సీ షాపు ప్రారంభానికి ఈశ్వర్‌ని పిలిచారు. రిబ్బను కత్తిరించమన్నారు. ఎవరైనా అతన్ని అలా పిలవడం అదే మొదలు. "నాకు వీలుపడదక్కా" అనొచ్చు. కానీ ఊరంతా చూస్తోంది. పుట్టింటివాణ్ణన్న నోటితో రాననడం ఎలా? కెమెరా వెనకనుంచి దైవాధీనం అడ్వర్టైజుమెంటు వెయ్యాలని చెయ్యి తిప్పుతున్నాడు.

"వస్తానక్కా, వస్తాను" అని ఈశ్వర్ ఫోను పెట్టేశాడు.

పాట నడుస్తుంటే దైవాధీనం అడిగాడు. "శుక్రవారం గుడివాడ కదరా?"

"వస్తానని సెలవు తీసుకున్నానంతేనండీ. రోజూ చెప్పేదేగా."

దైవాధీనం పడీపడీ నవ్వాడు. ఈశ్వరూ నవ్వాడు. కానీ తను ఏ గొంతుతో అన్నాడో అతనికి తెలుసు. సెలవు తీసుకునే గొంతు అది కాదు.

శుక్రవారం గుడివాడలో మెళ్ళో దండ వేశారు. "అచ్చం టీవీలో లాగే ఉన్నాడే!" అని ఆడవాళ్ళు గుసగుసలాడారు. రిబ్బను కత్తిరిస్తుండగా ఒక్క క్షణం గిలకలదిండి ఒడ్డు గుర్తొచ్చింది. ఈపాటికి ఎవరో ఒకరు కొబ్బరికాయ కొట్టేసి ఉంటార్లే అనుకున్నాడు. బస్సులో తిరిగొస్తుంటే పామర్రులో ఎక్కినవాళ్ళు గుర్తుపట్టి పక్కన కూర్చుని బందరుదాకా కబుర్లు చెప్పించుకున్నారు. గిలకలదిండి మళ్ళీ గుర్తు రాలేదు.

మర్నాడు ఆరింటికి మొదటి ఫోను మోగింది. వీరలక్ష్మి కాదు.

"గిలకలదిండి నుంచి సామ్యేలునండి. నిన్న మా వీధివీధంతా మీకోసం చూసిందండి. వస్తానన్నారుగా?"

 కెమెరా ముందు ఈశ్వర్ నోరు దానంతటదే ఆడేస్తుంది. నవ్వేశాడు.

"అన్నా, వస్తానంటే సెలవు తీసుకోవడమే గదా! రోజూ వందమందికి చెప్తాను. అందరిళ్ళకీ వెళ్తే ఇక నేను మా ఇంటికెప్పుడెళ్ళేది?"

దైవాధీనం కెమెరా వెనక కిసుక్కుమన్నాడు. అటువైపు సామ్యేలు మాత్రం నవ్వలేదు.

"అక్క ఇక్కడే నిలబడుందండి. మాట్లాడమంటే వద్దంటోంది" అన్నాడు మెల్లగా. "గంగాధరం బావ కాలు విరిగిందండి. బోటు కింద పడి."

ఫోను చప్పుడు చేసి ఆగిపోయింది. దైవాధీనం గబగబా పాట వేశాడు.

ఆ తర్వాత ఈశ్వర్ నోటికి ఏదో అయింది. ఫోను పెట్టేటప్పుడు "మరి... మరి..." అని నసిగేవాడు. "ఏంటి మావయ్యా, వస్తాననడం లేదు?" అని పిల్లలు అడిగారు. దగ్గొచ్చినట్టు నటించాడు. ఆస్పత్రిదాకా వెళ్ళి గేటు దగ్గర నుంచే తిరిగొచ్చాడు, ఒకసారి కాదు.

"అంత బాధపడేకంటే వెళ్ళి క్షమించమని అడగరాదూ?" అన్నాడు దైవాధీనం. "కెమెరా కూడా పంపిస్తాను. నువ్వు ఆవిడ కాళ్ళమీద పడు. చూసినవాళ్ళంతా గొల్లుమంటారు. మనకి తిరుగుండదు."

ఈశ్వర్ చటుక్కున లేచి బయటికెళ్ళిపోయాడు. ఎందుకంటే, ఆ మాట దైవాధీనం అనకముందే, ఒక మూల తనకీ తట్టింది.

పౌర్ణమి ముందురోజు సాయంత్రం ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కి గిలకలదిండి వెళ్ళాడు.

వీరలక్ష్మి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. తలెత్తి చూసింది. లేచి చెయ్యి కడుక్కుంది.

"రండి ఈశ్వర్ గారూ. కూర్చోండి."

ఆ గారు అన్న మాట అతనికి చెంపమీద తగిలినట్టయింది.

లోపల మంచంమీద గంగాధరరావు కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. "ఏం బావమరిదీ, దారి తప్పావా?" అన్నాడు.

ఈశ్వర్ ఆ కాలువైపు చూడలేకపోయాడు. "ఎలా జరిగింది బావా?"

"ఎలా జరిగిందంటే ఏం చెప్పను? పోటు నిండా ఎక్కింది, దించుదామన్నాం. మీ అక్క ఆగమంది. రోడ్డుమీద నిలబడి ప్రతి ఆటోకీ అదుగో మా తమ్ముడు, అదుగో మా తమ్ముడు అంటోంది. ఇంకో కాసేపు, ఇంకో కాసేపు అని ఆపింది. ఈలోగా నీళ్ళు తియ్యడం మొదలెట్టాయి. పెద్దపోటు మళ్ళీ పౌర్ణమికేగా? ఇక ఆగితే లాభం లేదని బురదలో నెట్టాం. బోటు ఒరిగింది. నా కాలు దాని కిందుంది. అంతే."

"నోరు మూసుకుని పడుకో" అంది వీరలక్ష్మి. ఈశ్వర్‌కేసి తిరిగింది. "మీ తప్పేం లేదండీ. వస్తానంటే సెలవు తీసుకోవడమని నాకు తెలీదా ఏంటి? నేనే వెర్రిదాన్ని."

తన సాకు తనకే తిరిగొచ్చింది. పుచ్చుకుని ఊరుకుంటే సరిపోయేది. ఆవిడ అందుకే ఇస్తోంది కూడా.

"కాదక్కా" అన్నాడు. "నేను సెలవు తీసుకోలేదు. నువ్వు రమ్మంటున్నావని నాకు తెలుసు. నేను రానని కూడా తెలుసు. అందరి ముందూ రానని చెప్పడానికి నోరు రాలేదు. అందుకని ఆ మాట అన్నాను."

వీరలక్ష్మి మొగుడి కాలి కింద దిండు సర్దింది.

"మీరు నవ్విన నవ్వు ఊరంతా విన్నదండీ" అంది. "ఈ మాట మేమిద్దరమే విన్నాం."

 ఈశ్వర్ లేచి గడప దాటి అరుగుమీదకి వచ్చాడు.

"బోటు మళ్ళీ ఎప్పుడు దించుతున్నారక్కా?"

"రేపు పొద్దున. ఎవరో ఒకరు చెయ్యేస్తారు. మీ ప్రోగ్రాం టైమవుతోంది, బయల్దేరండి."

సెలవు తీసుకోవాలి. "వ" అన్న అక్షరం నాలుకమీదకి వచ్చి ఆగిపోయింది. ఆ మాట ఆ ఇంట్లో ఇక చెల్లదు. వెళ్తాను అందామా అంటే, మనిషి మంచంమీద ఉన్న ఇంట్లో అనకూడని మాట అది.

"ఉంటానక్కా" అన్నాడు.

"మంచిదండీ. చీకటి పడకముందే వెళ్ళండి" అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

ఈశ్వర్ సైకిలు తియ్యలేదు. సామ్యేలు కొట్టుకేసి నడిచాడు. సామ్యేలు చూశాడు గానీ పలకరించలేదు. అప్పటికే వీధిలో టీవీలన్నీ పెట్టారు. ప్రోగ్రాం మొదలైంది. కుర్చీలో దైవాధీనమే కూర్చుని, చొక్కా కాలరు సర్దుకుంటూ, "ఈరోజు మన ఈశ్వర్‌కి ఒంట్లో బాగాలేదండీ" అంటున్నాడు.

ఈశ్వర్ రూపాయి బిళ్ళ వేసి తన నంబరే తిప్పాడు.

"హలో, ఎవరండీ, ఎక్కణ్ణుంచి?"

"గిలకలదిండి నుంచి పిచ్చేశ్వరరావునండీ."

వీధిలో ఇంటింటి టీవీలోంచీ తన గొంతు తనకే వినిపించింది. 

"నాకు ఒంట్లో బాగానే ఉంది. వీరలక్ష్మక్క పిలిస్తే నేను వస్తాననే చెప్పాను. సెలవు తీసుకోలేదు. ఆ రోజు మీ అందరి ముందూ నవ్వి అబద్ధం ఆడాను. ఆవిడ నా మాట నమ్మి బోటు ఆపింది. బావ కాలు నా మూలంగా విరిగింది. ఇదీ చెబుదామనే ఫోన్ చేశాను. పాట వద్దు."

ఫోను పెట్టేశాడు. సామ్యేలు గల్లాపెట్టె మూతమీద వేళ్ళతో తట్టాడు.

మళ్ళీ వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. లోపల టీవీలో పాట అయిపోయింది. ఫోను మోగింది. పెడన సుగుణమ్మగారి గొంతు. "ఏమండీ, ఒక్క మాట అడుగుతాను. ఫోన్ చేసినప్పుడల్లా మా దూడ ఎలా ఉందని అడిగేవాడు కదా, అదీ అబద్ధమేనంటారా?"

దైవాధీనం గబగబా ఇంకో పాట వేశాడు.

ఈశ్వర్ తల వంచుకున్నాడు.  దూడ నిజంగానే గుర్తుండేది. అది గుర్తుంటే ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తుందనీ గుర్తుండేది. ఈ రెండూ ఎక్కడ విడతాయో అతనెప్పుడూ వెతకలేదు.

ఎండుచేపల చేట లోపల పెడదామని వీరలక్ష్మి బయటికొచ్చింది. అతన్ని చూసి ఆగిపోయింది.

"వెళ్ళలేదా?"

"ఉంటానన్నాను కదక్కా."

ఆవిడ చేట చంకన పెట్టుకుని అలాగే నిలబడింది. లోపల్నుంచి గంగాధరరావు, "ఎవరే?" అన్నాడు.  లోపలికెళ్ళింది. మళ్ళీ వచ్చింది. చేతిలో మొగుడి పాత లుంగీ ఉంది. దాన్ని అరుగుమీద అతని పక్కన పడేసింది.

"తెల్లారకముందే బురదలో దిగాలి" అంది. "ఆ ప్యాంటు పనికిరాదు."

అండీ అనలేదు. తమ్ముడూ అనీ అనలేదు. తలుపు మాత్రం వెయ్యకుండా లోపలికెళ్ళింది.