పెన్సిల్ పొట్టు

ముప్పై ఆరు గ్లాసులు. ఆరుగురు మనుషులు, ఒక్కొక్కరికి ఆరు రకాల వైన్. సబ్బు పెట్టకూడదు, వేణ్ణీళ్లతోనే కడగాలి. అలమరలో బోర్లించకూడదు, చెక్క వాసన పడుతుంది. ఇవన్నీ అత్తగారు నేర్పినవే. ఆవిడ పోయి నాలుగేళ్లయినా, గ్లాసు చేతిలోకి తీసుకుంటే పక్కనే నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది.

చుట్టుపక్కల తోటల్లో, ఎవరూ పెద్దగా పేరు వినని ద్రాక్షలతో చేసిన వైన్లను ఇవాళ మా హాల్లో ఈ ఆరుగురూ రుచి చూసి, పోల్చి చెబుతారు. తోటలవాళ్లు ఇద్దరు, వైన్ల కొట్టు ఆయన, పత్రికలకు రాసే ఒకావిడ, మా వారు, మా మరిది. ఆరో సీసా మాది. అత్తగారు తన చేత్తో నాటిన నల్లద్రాక్ష. ఎంత చాకిరీ చేసినా గుప్పెడే కాస్తుందని ఆవిడ దాన్ని 'మొండిది' అనేవారు, ఆ పేరే స్థిరపడిపోయింది. ఇవాళ నలుగురూ మెచ్చకపోతే ఆ తీగలు పీకించి, అందరూ అడిగే రకం వేస్తానని మరిది పట్టుబట్టాడు.

రుచి చెప్పడంలో మా వారికి పెద్ద పేరు. ఆ పేరు వెనక ఒక చీటీ ఉంటుంది. వచ్చేవాళ్లు రాకముందే, పొద్దున్నే ఏమీ తినకుండా, వంటింటి తొట్టి దగ్గర నిలబడి ఒక్కో వైనూ నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసి, తెలిసింది చీటీ మీద రాస్తాను. చీటీ ఆయన చేతిగుడ్డ మడతలోకి వెళుతుంది. మావగారికి అత్తగారు రాసిచ్చేవారట. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆవిడ మొండిదాన్ని నా ముక్కు దగ్గర పెట్టి ఏం వస్తోందని అడిగారు. "పెన్సిల్ చెక్కిన పొట్టు, అత్తయ్యా" అన్నాను. ఆవిడ నవ్వి, "అమ్మయ్య, ఇంక నేను కూర్చోవచ్చు. తెలిసిందే రాయి, తెలియంది రాయకు" అన్నారు. పొగడ్త అనుకుని మురిసిపోయాను. పంతొమ్మిదేళ్లయింది, నేనింకా నిలబడే ఉన్నాను.

"మా ఆవిడకి పాలు మాడినా తెలీదు" అనేది వచ్చినవాళ్ల ముందు ఆయన వేసే జోకు. అందరూ నవ్వుతారు, వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడది నిజమైంది. మూడు నెలల కిందట జ్వరం వచ్చి, పోతూ పోతూ నా వాసనంతా పట్టుకుపోయింది. పాలు నిజంగానే మాడుతున్నాయి. పెట్టెలో దాచుకున్న అత్తగారి శాలువా ముఖానికి ఆనించుకుంటే, అది ఉత్త గుడ్డ. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు. ఆయనకు చెప్పాను. ఫోన్ చూసుకుంటూ, "జలుబేలే, తగ్గుతుంది" అన్నారు. వారం తర్వాత మళ్లీ చెప్పాను. "ఊఁ" అన్నారు.

ఈ పొద్దున ఆరూ నోట్లో పోసుకున్నాను. పులుపు తెలిసింది, వగరు తెలిసింది. అంతకు మించి ఏమీ లేదు. చీటీ రాయలేదు.

మొదటి గ్లాసు దగ్గరే మా వారు గుడ్డ మడత విప్పి చూసుకుని, మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వచ్చారు.

"చీటీ ఏది?"

"రాయలేదు. నాకు వాసన రావడం లేదు."

"ఎప్పట్నించి?"

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"రెండుసార్లు చెప్పానండీ."

"సర్లే, అదంతా ఇప్పుడెందుకు? నిరుడు రాసింది దించెయ్. లేకపోతే తమ్ముడు మొండిదాన్ని పీకేస్తాడు. నీకేగా బాధ."

నిజమే, బాధ నాకే. నిరుటి చీటీ సొరుగులోనే ఉంది, నిమిషం పని. సొరుగు తెరిచాను కూడా. కానీ నిరుటి ఎండలు వేరు, ఈ ఏటి వానలు వేరు. ఏడాదంతా ఆ తీగలు పడ్డ పాట్లను పాత మాటలతో సరిపెట్టడానికి చెయ్యి రాలేదు. ఆయన చూస్తుండగానే సొరుగు మూసేశాను.

ఐదు గ్లాసులూ ఆయన ఎలాగో నెట్టుకొచ్చారు. "ఇది బావుంది." "ఇదీ బావుంది." పత్రికావిడ ఊరుకోకుండా "బావుందంటే, ఎలా?" అని అడుగుతూనే ఉంది. ఆరో సీసా నేనే తీసుకెళ్లి అందరికీ పోశాను.

"ఇది మా అత్తగారు వేసిన తోటది," అన్నాను. "మా వారు ఇన్నాళ్లూ చెప్పిన రుచులు నేను రాసిచ్చినవే. ఇప్పుడు నాకు వాసన పోయింది. ముందు పులుపు తగులుతుంది, చివర్లో వగరు చిగుళ్లను పట్టేస్తుంది. అంతవరకే నాకు తెలుస్తోంది. మిగతాది మీరే చెప్పాలి."

"వదినా!" అన్నాడు మరిది. మా వారు గుడ్డను మడిచి, విప్పి, మళ్లీ మడిచారు.

పత్రికావిడ గ్లాసు దగ్గరగా పెట్టుకుని కళ్లు మూసుకుంది. "ఏదో చిన్నప్పటి బడి వాసన... ఆఁ, పెన్సిల్ చెక్కితే రాలుతుందే, ఆ పొట్టు!"

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది అక్కడే ఉంది. నా దాకా రావడం లేదు, అంతే.

వైన్ల కొట్టు ఆయన మళ్లీ వాసన చూశాడు. "నిజమేనండోయ్. ఇలాంటిది మా కొట్లో లేదు. పీకకండి, ఓ ఏడాది చూద్దాం."

"అవునవును, పెన్సిల్ పొట్టు," అన్నారు మా వారు. "నేనూ అదే అనబోతున్నాను."

"లేదండీ. మీరు అనబోలేదు," అన్నాను.

గోడవారగా ఉన్న కుర్చీ లాక్కొచ్చి పత్రికావిడ పక్కన వేసుకుని కూర్చున్నాను.

"మళ్లీ చూడండమ్మా. ఇంకా ఏం వస్తోంది?"