చాలని చెప్పని ఒళ్ళు

ఆశ్రితకు ఏడాది నిండేనాటికి పర్చూరు పక్కనున్న ఆ ఊళ్ళో అంత బొద్దుపిల్ల ఇంకొకతి లేదు. ఎత్తుకున్న ప్రతివాళ్ళూ బుగ్గలు పుణికి, "ఏం పెట్టి పెంచుతున్నావే భవ్యా?" అని అడిగేవాళ్ళు. భవ్య పొంగిపోయి వారం వారం దిష్టి తీసేది. పిల్లకు ఆరేళ్ళొచ్చి యాభై కిలోలు దాటేసరికి ఆ నోళ్ళే, "తల్లికి అదుపు లేదు, పిల్లకు సిగ్గు లేదు" అనడం మొదలుపెట్టాయి. ఊరిదేం పోయింది, ఏదో ఒకటి అనకపోతే దానికి పొద్దుపోదు.

ఆ పిల్ల తిండి మామూలు తిండి కాదు మరి. పెట్టింది తిని, కంచం నాకి, ఇంకా పెట్టమనేది. పెట్టకపోతే నేలమీద పడి పొర్లేది. ఒకసారి పక్కింటి జానీబీ గేదె ముందు పెట్టిన కుడితి తొట్లో చెయ్యి పెట్టి మెతుకులు ఏరుకుంటూ దొరికిపోయింది. భవ్యకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే వంటింటికి తాళం పడింది.

"అమ్మా, ఆకలేస్తందమ్మా" అని పిల్ల గడపలో కూర్చుని ఏడిచేది.

"ఇప్పుడేగా తిన్నావ్! అబద్ధాలాడావంటే వాత పెడతా."

"అబద్ధం కాదమ్మా, నీ మీదొట్టు." ఆ చిట్టి చెయ్యి తల్లి నెత్తిమీద పెట్టేది. భవ్య విసిరికొట్టేది.

భవ్య చెడ్డ తల్లేం కాదు. పిల్ల నాలుగడుగులేస్తే ఆయాసపడుతోంది, నెలకోసారి దగ్గూ జ్వరమూ. ఇది ఇలాగే తింటే తనకు దక్కదన్న భయం ఆమెను లోపల తొలిచేస్తోంది. ఆ భయమే నోట్లోంచి కోపంగా వచ్చేది.

మాఘమాసంలో మిరప కోతలు ముమ్మరమయ్యాయి. ఇంటిల్లిపాదీ కళ్ళంలో రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. పిల్ల వంటింటి కిటికీ చువ్వల్లోంచి గరిటె పెట్టి అన్నం లాగేస్తోందని భవ్య కనిపెట్టింది. పాలు మాన్పించేటప్పుడు తల్లులు రొమ్ముకు వేపాకు రాస్తారే, ఆ ఉపాయమే తోచింది. కొత్తకారం రెండు గుప్పిళ్ళు మిగిలిన అన్నంలో కలిపి, గిన్నె కిటికీ పక్కనే పెట్టి కళ్ళానికి పోయింది. ఒక్కసారి నోరు మండితే జన్మలో గిన్నె జోలికి రాదనుకుంది.

మధ్యాహ్నం వచ్చి చూస్తే ఆశ్రిత కాళ్ళు చాపుకుని గోడకానుకుని కూర్చుంది. పెదాలు వాచిపోయాయి. కళ్ళూ ముక్కూ ధారలు కడుతున్నాయి. "మంటమ్మా" అని ఏడుస్తూనే ఒళ్ళో పెట్టుకున్న ఎర్రటి అన్నంలోంచి ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది.

నీళ్ళివ్వాల్సిన చెయ్యి ముందు వీపు మీద పడింది. రెండుసార్లు పడింది.

సాయంత్రానికి పిల్ల నోరంతా పూసింది, జ్వరం కాసింది. భర్త యలమంద కారు మాట్లాడి గుంటూరు తీసుకుపోయాడు. అక్కడి పిల్లల డాక్టరమ్మ నోట్లో లైటు వేసి చూసి అడిగింది. "ఇంత కారం ఎవరు పెట్టారు?"

భవ్య తలొంచుకుని జరిగింది చెప్పింది. నాలుగు చివాట్లకు సిద్ధపడే చెప్పింది. డాక్టరమ్మ తిట్టలేదు, కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"మండుతున్నా ఆపకుండా తిందా?"

"తిందండి."

"అది అల్లరి కాదమ్మా. మీదీ మీ ఆయనదీ దగ్గరి సంబంధమా?"

"మా మేనమామేనండి. నేను కళ్ళెదుటే ఉంటానని మా అమ్మమ్మే తన కొడుక్కి చేసుకుంది."

పిల్ల రక్తం తీసి ఎక్కడికో పెద్ద ల్యాబుకు పంపారు. మూడు వారాలకు రమ్మంటే ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని మెల్లగా చెప్పింది.

"ఒంట్లో కొవ్వు ఊరికే మూటలా పడి ఉండదమ్మా. దానికీ పనుంది. లెప్టిన్ అనే హార్మోన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అది మెదడుకు చేరి, నిల్వ ఉంది, ఇక చాలని చెబుతుంది. మీ ఇద్దరి దగ్గరా ఒక్కో లోపమున్న జన్యువుంది. అవి రెండూ పాపకొచ్చాయి. ఆ హార్మోన్ తన ఒంట్లో అసలు తయారవడం లేదు. ఎంత కొవ్వున్నా, తన మెదడుకు మాత్రం ఏమీ లేక ఎండిపోతున్నట్టే ఉంటుంది. ఆ జ్వరాలక్కూడా చాలావరకు ఇదే కారణం."

భవ్య అడిగింది. "అయితే అది అబద్ధం చెప్పలేదాండీ?"

"ఒక్కసారి కూడా చెప్పలేదు."

ఆశ్రిత చటుక్కున తలెత్తి నవ్వింది. భవ్య చెయ్యి ఆనాడు కొట్టిన వీపునే నిమిరింది. ఎన్ని దెబ్బలు, ఎన్ని తిట్లు! కరువులో ఉన్న పిల్లనా తను కొట్టింది!

"మందుందాండీ?" అన్నాడు యలమంద.

"ఆ హార్మోన్‌నే ఇంజక్షన్‌గా ఇస్తారు. మన షాపుల్లో దొరకదు. బయటి నుంచి తెప్పించడానికి రాస్తాను. ఎన్నాళ్ళకొస్తుందో, అసలొస్తుందో రాదో చెప్పలేను."

"అందాకా?"

"అందాకా కొలిచే పెట్టాలి. బరువు పెరిగితే గుండెకూ ఊపిరికీ ప్రమాదం. కొట్టకండి, అంతే."

బస్టాండులో ఇడ్లీ బండి దగ్గర ఆశ్రిత ఆగింది. ఎప్పుడూ అక్కడే కూలబడి గోల చేసే పిల్ల, ఇవాళ నిమ్మళంగా తల్లి కొంగు పట్టుకుంది.

"డాక్టరుగారు చెప్పారుగా అమ్మా, నేను అబద్ధాలాడలేదని."

"చెప్పారు తల్లీ."

"నువ్వు నమ్మావా?"

"నమ్మాను. నీది ఆకలే. నిజంగా ఆకలే."

"మరి పెట్టించు."

యలమంద మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ అబద్ధమనుకుని కాదనడం భవ్యకు ఎంత తేలికగా ఉండేదో! ఆమె బస్టాండు నేలమీదే మోకాళ్ళమీద కూర్చుని, రెండు చేతులకూ పట్టని పిల్లను దగ్గరకు లాక్కుంది.

"పెట్టించను తల్లీ" అంది.

పిల్ల పొర్లలేదు, ఏడవలేదు. తల్లి మొహంలోకి కాసేపు చూసి, భయం భయంగా ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టింది.

"ఒట్టమ్మా. నువ్వింకా నమ్మలేదా?"