పాలిచ్చే తల్లి పళ్లెం

పెనం మీంచి తీసిన జొన్నరొట్టెను రాచమ్మ తక్కెడలో వేసింది. తక్కెడ కొంచెం మొగ్గింది. అంచు తుంచి నోట్లో వేసుకుంది. ఇప్పుడు సరిగ్గా తూగింది.

బీదర్‌లోని ఆ వైద్య కళాశాలలో ఆహారపాఠం ఉన్న రోజు ఆమె పని ఇదే. రొట్టెలు, పెసరపప్పు, పుంటికూర, పల్లీల ఉండ, గ్లాసెడు పాలు పళ్లెంలో సర్ది, వెనక ‘పాలిచ్చే తల్లి’ అని రాసిన అట్టముక్క నిలబెడుతుంది. పిల్లలు చూసి, రాసుకుని వెళ్ళిపోతారు. తరువాత ఆ తిండి రాచమ్మది. మొగుడు పోయాక పళ్లెం నిండా పెట్టుకుని ఆమె కూర్చునేది ఈ ఒక్క పూటే. "తిను తల్లీ, సల్లారిపోతది," అని ఎదురుగా ఉన్న అట్టముక్కతో అని, తానే తినేది.

పొద్దున హైదరాబాదు నుంచి కూతురు భాగ్యజ్యోతి ఫోను చేసింది. అక్కడ లేస్తున్న మేడలకు ఇసుక మోసే పిల్ల. ఈమధ్యనే కాన్పయింది.

"పత్తెమని మా అత్త ఉత్త కారం, బువ్వ పెడ్తాంది. పప్పు లేదు, కూర లేదు. నీళ్ళడిగితే పొట్ట పెరుగుతదంటది. పాలు పడ్తలేవమ్మా. పిల్ల ఒక్కతీరుగ ఏడుస్తాంది."

"పెద్దోళ్ళ మాట ఇనాలె బిడ్డా. నాకూ మా అమ్మ గట్లనే పెట్టింది," అంది రాచమ్మ. అని, పుంటికూర కడగబోయి, కూర నీళ్ళల్లో ఉండగానే చేతులు ఆపేసింది.

పాఠం మొదలైంది. "బాలింతకు అందరికంటె ఎక్కువ తిండి కావాలె," అన్నాడు సుందరం సారు.

"మా మెస్సుల గింత పెట్టరు సార్. నేను గూడ బాలింతనయిత," అన్నాడు ప్రణయ్. గది గొల్లుమంది.

అనూహ్య మాత్రం నవ్వలేదు. "మా అక్కకు మా అమ్మ ఇవేవీ పెట్టలే సార్. మా అమ్మ టీచరే."

"పరీక్షల మాత్రం ఇదే రాయి తల్లీ."

మళ్ళీ నవ్వులు. గుమ్మం దగ్గర రాచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకు కాదు.

అందరూ పోయాక స్టూలు లాక్కుని కూర్చుంది. రొట్టె తుంచింది. ఆ ముక్కను మళ్ళీ పళ్లెంలోనే పెట్టేసింది. ఇన్నేళ్ళూ మొహం లేని ఆ తల్లికి ఇవాళ భాగ్యజ్యోతి మొహం వచ్చి కూర్చుంది.

రొట్టెలూ, ఉండా గుడ్డలో మూట కట్టింది. పప్పూ కూరా డబ్బాలో పోసింది. తలుపు వేయడానికి వచ్చిన సుందరం సారు ఆగాడు.

"రేపు ఇంకో బ్యాచుంది, జల్ది రా రాచమ్మా."

"రాను సారు. నా బిడ్డ బాలింత. పట్నం పోతున్న."

"కూలి మనిషివి. నువ్వు రాకపోతే ఇంకొకరిని పెడ్తరు, ఎరుకేనా?"

"పెట్టుకోనియ్యండి సారు. ఆ పిల్లకు నేనే తప్పు చెప్పిన. నేనే పోయి దిద్దాలె."

ఆమె నడక వరండా చివరిదాకా వినిపించి, ఆగిపోయింది. బస్సులో పాలు ఒలికిపోతాయని వదిలేసిన గ్లాసు బల్ల మీద మీగడ కట్టింది. దాని వెనక, ఖాళీ పళ్లేనికి కాపలా ఉన్నట్టు, అట్టముక్క నిలబడే ఉంది.